వెనకవాళ్ల వెలుగు



కారు కొన్నవాడికి తన కారులో కనిపించనిది ఒకటుంది. బానెట్ ఎత్తితే ఇంజను కనిపిస్తుంది, డిక్కీ తెరిస్తే స్టెప్నీ కనిపిస్తుంది. బ్రేకు తొక్కిన క్షణంలో వెనక వెలిగే ఎర్ర లైటు మాత్రం తొక్కినవాడికి ఎన్నడూ కనిపించదు. డబ్బు అతనిది, కారు అతనిది, బ్యాటరీ అతనిది. ఆ వెలుగు మాత్రం పూర్తిగా వెనకవాళ్ల కోసం. ఈ చిన్న సంగతి మనసులో పెట్టుకుంటే, ఈమధ్య మన ఊళ్లలో పెరుగుతున్న ఒక షోకు గురించి సూటిగా మాట్లాడుకోవచ్చు. వెనక లైట్ల మీద నల్ల ఫిల్మ్ అంటించడం, స్మోక్ స్ప్రే కొట్టించడం, నల్లటి కవర్లు తొడగడం అన్నీ ఈ షోకు కిందికే వస్తాయి. కారు డెకార్ షాపులో ఇది గంట పని. ఫిల్మ్‌ను లైటు ఆకారానికి తగ్గట్టు కోస్తారు, హీట్ గన్‌తో వేడిచేసి సాగదీస్తారు, అంచులు నొక్కుతారు. స్ప్రే అయితే ముందు పైపొరను కాస్త గరుకు చేసి పొరలుపొరలుగా కొడతారు. తెల్ల కారు మీదో నల్ల కారు మీదో పెద్ద ఎర్ర ముద్దలా కనిపించే లైటు, ఆ తర్వాత బాడీలో కలిసిపోయి నిగనిగలాడుతుంది. అందంగా ఉంటుందా అంటే, చాలా కార్లకు ఉంటుంది. ఆ మాట ముందే ఒప్పుకుంటాను. దీన్ని ఎగతాళి చేసి పక్కన పెట్టేయడం తేలికే కానీ, ఏళ్ల తరబడి అప్పు కట్టి కొన్న వస్తువును తనకు నచ్చినట్టు దిద్దుకోవాలనుకోవడంలో తప్పేమీ లేదు. బండి ఎద్దుల కొమ్ములకు కూడా మనవాళ్లు రంగులు వేసి, మెడలో గజ్జెలు కట్టి తోలేవారు. అయితే రాత్రి ప్రయాణంలో అదే బండి కింద వేలాడే లాంతరు చిమ్నీకి ఎవరూ మసి పూయలేదు.

వెనక లైటును చాలామంది అలంకారంగానో, చీకట్లో కారు ఉనికి తెలిపే గుర్తుగానో అనుకుంటారు. నిజానికి అదొక భాష. దాంట్లో ఉన్న మాటలు నాలుగైదే. ‘ఇక్కడ ఉన్నాను’, ‘ఆగుతున్నాను’, ‘పక్కకు తిరుగుతున్నాను’, ‘వెనక్కి వస్తున్నాను’. మొదటి రెండు మాటల్నీ ఎర్ర రంగుతోనే చెప్పాలి, చాలా కార్లలో ఒకే గాజు వెనక నుంచి చెప్పాలి. మరి వెనకవాడు తేడా ఎలా పట్టుకుంటాడు? వెలుగు తీవ్రతతో. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలు మన దేశపు ప్రమాణాలకు కూడా మూలం. వాటి ప్రకారం రాత్రి వెలిగే మామూలు తోక లైటు కనీసం 4 క్యాండెలాల కాంతి ఇవ్వాలి. క్యాండెలా అంటే సుమారుగా ఒక కొవ్వొత్తి వెలుగు అనుకోండి. బ్రేకు లైటు కనీసం 60 ఇవ్వాలి. రెండూ ఒకే అరలో ఉంటే బ్రేకు వెలుగు తోక వెలుగుకు కనీసం 5 రెట్లు ఉండాలి. తోక లైటుకు ఒక గరిష్ఠ హద్దు కూడా పెట్టారు. చాలాకాలం అది 12 క్యాండెలాలే. ఇప్పుడు కనీస స్థాయిలో ఉన్న ఒక బ్రేకు లైటు మీద, నూటికి 20 పాళ్ల కాంతిని మాత్రమే పోనిచ్చే ముదురు ఫిల్మ్ అంటించారనుకుందాం. 60లో అయిదో వంతు 12. అంటే ‘ఆగుతున్నాను’ అని అరవాల్సిన లైటు, ‘ఇక్కడ ఉన్నాను’ అని చెప్పే లైటుకు అనుమతించిన పరిధిలోకి దిగిపోయింది. వెలుగు తగ్గిందనడంతో సరిపోదు, మాటే మారిపోయింది. వెనక వస్తున్నవాడికి ముందు కారు కనిపిస్తూనే ఉంటుంది, నింపాదిగా వెళ్తున్నట్టు కనిపిస్తుంది.  అందుకే అతను ధీమాగా వస్తాడు.

తోక లైట్లు కూడా అదే ఫిల్మ్ కింద ఉన్నాయి కదా, అవీ అంతే తగ్గుతాయి కదా, అప్పుడు 5 రెట్ల తేడా అలాగే ఉంటుంది కదా అని ఎవరైనా తెలివిగా అడగవచ్చు. లెక్క సరైనదే. కానీ రోడ్డు మీద ఆ కారొక్కటే లేదు. వెనకవాడి కన్ను పక్క వరసలోని బస్సు తోక లైటుతో, ముందున్న ఇంకో కారు బ్రేకు లైటుతో, దుకాణాల బోర్డులతో కలిపి పోల్చుకుంటుంది. వేల బండ్ల వెనక నడిచి అలవాటుపడ్డ కన్ను అది. ఇంత వెలుగంటే మామూలు, ఇంత వెలుగంటే బ్రేకు అని ఒక కొలత దానిలో స్థిరపడిపోయింది. పగటిపూట మామూలు ప్రయాణంలో తోక లైటు వెలగనే వెలగదు కాబట్టి, పోల్చుకోవడానికి ఆ 5 రెట్ల తేడా కూడా దొరకదు. మిట్ట మధ్యాహ్నపు ఎండలో తళతళలాడే రోడ్డు ముందు, 60 క్యాండెలాలే అంతంతమాత్రంగా అందే చోట, 12 ఎవరికి అందుతాయి?

ముందు బండి ఆగుతోందని తెలుసుకోవడానికి లైటే కావాలా, కళ్లు లేవా అనేది ఇంకో ప్రశ్న. కళ్లున్నాయి గానీ, ముందు బండి ఎంత వేగంగా దగ్గరవుతోందో దూరం నుంచి తేల్చడంలో మనిషి కన్ను చాలా బలహీనం. దగ్గరయ్యే వస్తువు కంటికి పెద్దదవుతూ వస్తుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న కారు పది మీటర్లు దగ్గరైనా దాని పరిమాణంలో వచ్చే మార్పు అతి స్వల్పం. చివరి ముప్పై, నలభై మీటర్లలో మాత్రం ఒక్కసారిగా ఉబ్బిపోయినట్టు కనిపిస్తుంది. అప్పటికి సమయం ఉండదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 22 మీటర్లు. మన రోడ్ల రూపకల్పనకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పెట్టుకున్న లెక్కలో, చూసి అర్థం చేసుకుని బ్రేకు మీద కాలు వేయడానికి డ్రైవరుకు 2.5 సెకన్లు ఇస్తారు. అంటే బ్రేకు పడకముందే 55 మీటర్లు దొర్లిపోతాయి. ఆ తర్వాత బండి ఆగడానికి పట్టే దూరం కూడా కలుపుకుని 80 కిలోమీటర్ల వేగానికి 120 మీటర్లు, 100 కిలోమీటర్ల వేగానికి 180 మీటర్లు ముందు చూపు ఉండాలని ఆ సంస్థ ప్రమాణం. బ్రేకు లైటును కనిపెట్టిందే కన్ను చేయలేని ఈ పనిని చేయడానికి. దగ్గరయ్యాక కన్ను ఎలాగూ గుర్తుపడుతుంది, దూరాన ఉన్నప్పుడే చెప్పడం లైటు పని. ఫిల్మ్ సరిగ్గా ఆ దూరాన్నే తినేస్తుంది.

ఎంత తింటుందో లెక్క వేయడం కష్టం కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం కారు వెనక ఎర్ర లైటు 155 మీటర్ల దూరం నుంచి కనిపించాలి. గాలి శుభ్రంగా ఉన్నప్పుడు ఒక దీపం కనిపించే దూరం దాని తీవ్రతకు వర్గమూలంగా తగ్గుతుంది. కాంతి నాలుగో వంతుకు పడితే దూరం సగమవుతుంది, కాంతి సగమైతే దూరం నూటికి డెబ్బై పాళ్లకు వస్తుంది. కాబట్టి నిబంధనను అంచు మీద దాటిన లైటుకు, సగం కాంతిని ఆపే ఫిల్మ్ అంటిస్తే 155 మీటర్లు 110 అవుతాయి. 80 కిలోమీటర్ల వేగానికి కావలసిన 120 మీటర్ల కన్నా అది తక్కువ. పొగమంచులో లెక్క వేరు. అక్కడ వెలుగును మంచే ఎక్కువగా మింగేస్తుంది కాబట్టి ఫిల్మ్ వల్ల పోయే మీటర్లు తక్కువే. కానీ డిసెంబరు తెల్లవారుజామున ఘాట్ రోడ్డు మీద మొత్తం కనిపించేదే ముప్పై, నలభై మీటర్లయినప్పుడు, అందులోంచి అయిదు మీటర్లు పోయినా తేడా తెలుస్తుంది. ఎరుపు మంచులోంచి దూసుకుపోతుందని బడిలో చెప్పుకునే మాట పొగమంచుకు వర్తించదు. మంచు బిందువులు వెలుగు తరంగాల కన్నా చాలా పెద్దవి, అవి అన్ని రంగుల్నీ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. రోడ్డు మీద ప్రమాదానికి గుర్తుగా ఎర్ర దీపం వాడటం రైల్వేల నుంచి వచ్చిన ఆనవాయితీ. రైలు చివరి పెట్టె వెనక రాత్రిపూట వెలిగే ఎర్ర దీపం చూసే, బండి మొత్తం వచ్చిందనీ మధ్యలో తెగి ఏ పెట్టె కూడా ఉండిపోలేదనీ స్టేషనువాళ్లు నిర్ధారించుకుంటారు. ఆ దీపాన్ని పెట్టె రంగుకు మ్యాచ్ చేయాలని ఎవరికీ తోచలేదు.

ఎరుపుకు ఇంకో బలహీనత కూడా ఉంది. సందె వేళ పెరట్లో మందార చెట్టును చూడండి. ఆకులు ఇంకా ఆకుపచ్చగానే తెలుస్తుంటాయి, పువ్వులు మాత్రం నల్లబడిపోతాయి. వెలుతురు తగ్గేకొద్దీ మన కన్ను ఎరుపు మీద పట్టు తప్పి నీలం, పచ్చల వైపు మొగ్గుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో చెక్ శాస్త్రవేత్త యాన్ పుర్కిన్యే దీన్ని గుర్తించాడు. ఆయన పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. కంటి చూపు సూటిగా నిలిచిన చోట ఈ ప్రభావం తక్కువ, చూపు అంచుల్లో ఎక్కువ. డ్రైవరు చూపు ఎప్పుడూ ఒక్క చోట నిలవదు. అద్దం చూస్తాడు, బోర్డు చదువుతాడు, పక్క నుంచి దూరే మోటారు సైకిల్‌ను గమనిస్తాడు. ఆ క్షణంలో ముందు కారు బ్రేకు లైటు అతని చూపు అంచులోనే వెలగాలి, వెలిగి చూపును తన వైపు లాగాలి. ఇళ్లకు మళ్లే ట్రాఫిక్ అంతా రోడ్డు మీద ఉండే ఆ మునిమాపు వేళే ఎరుపు బలం తగ్గుతుంటే, దాని మీద నలుపు పరచడం ఏం న్యాయం? పుట్టుకతోనే ఎరుపును మందంగా చూసే మగవాళ్లు కొందరు ఎప్పుడూ ఉంటారు. 2020 జూన్‌లో కేంద్రం నిబంధనలు సవరించి, స్వల్ప, మధ్యస్థాయి వర్ణాంధత్వం ఉన్నవారికి కూడా డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వవచ్చని చెప్పింది. అది మంచి నిర్ణయం. రంగు సరిగా తెలియనివారు వెలుగు తీవ్రతనే నమ్ముకుని నడుపుతారు. ఆ తీవ్రత నిబంధన ప్రకారం ఉంటేనే వారికిచ్చిన లైసెన్సుకు అర్థం.

‘స్మోక్ ఫిల్మ్ వల్లే జరిగిన ప్రమాదం ఒకటి చూపించండి’ అనేవారు ఉంటారు. దీన్ని తలకిందులుగా చూస్తే జవాబు దొరుకుతుంది. వెనక వెలుగును పెంచితే ఏమవుతుందో అమెరికావాళ్లు దశాబ్దాల పాటు కొలిచారు. జాన్ వోవోడ్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త శాన్‌ఫ్రాన్సిస్కో టాక్సీల వెనక ఒక అదనపు హెచ్చరిక లైటు పెట్టి చూసి, వెనక నుంచి గుద్దే ప్రమాదాలు సుమారు 60 శాతం తగ్గాయని 1974లో వెల్లడించాడు. ఆ ప్రయోగాల ఫలితంగా చివరికి 1985 సెప్టెంబరు నుంచి అక్కడ తయారయ్యే ప్రతి కారుకూ వెనక అద్దం దగ్గర మూడో బ్రేకు లైటు తప్పనిసరి అయింది. అందరికీ వచ్చేశాక 60 శాతం నిలబడలేదు. కొత్తదనం వైపు కళ్లు మళ్లడం సహజం, అలవాటయ్యాక ఆ మెరుపు పోయింది. 1987లో తగ్గుదల 8.5 శాతం అని తేలింది, తర్వాతి సంవత్సరాల్లో 4.3 శాతం దగ్గర స్థిరపడింది. ఈ చివరి అంకె మీద నాకు ఎక్కువ నమ్మకం, ఎందుకంటే అందులో ఆర్భాటం లేదు. రెండు మంచి బ్రేకు లైట్లు ముందే వెలుగుతున్న కారుకు ఇంకొక్కటి చేర్చినందుకే, అలవాటైపోయాక కూడా, నూటికి నాలుగు గుద్దుళ్లు ఆగాయి. ఇండికేటర్ల సంగతీ అంతే. అక్కడ వెనక ఇండికేటరు ఎర్రగా ఉన్నా చట్టం ఒప్పుకుంటుంది, పసుపుగా ఉన్నా ఒప్పుకుంటుంది. ముందు బండి మలుపు తిరుగుతూనో వరస మారుతూనో ఉండగా వెనక నుంచి గుద్దే ప్రమాదాలు, పసుపు ఇండికేటర్లున్న కార్లకు 5.3 శాతం తక్కువని 2009లో అక్కడి ప్రభుత్వ అధ్యయనం లెక్క తేల్చింది. ఒక్క రంగు తేడాకే అంత. వెనకవాడికి చేరే సంకేతం ఇసుమంత స్పష్టమైతే గుద్దుళ్లు తగ్గుతున్నప్పుడు, అదే సంకేతాన్ని మసకబరిస్తే ఏమీ కాదనడానికి ఏ ఆధారం ఉంది? నల్ల ఫిల్మ్ కింద పసుపు ఇండికేటరు గోధుమ రంగులోకి దిగడం, ఎర్ర ఫిల్మ్ కింద అది ఎరుపులో కలిసిపోవడం ఎవరైనా నిలబడి చూడగలిగినవే.

ఫిల్మ్ పక్షాన చెప్పదగ్గ వాదాల్లో నిజంగా బలమైనది ఒకటుంది. షాపులవాళ్లు దాన్ని సాధారణంగా చెప్పరు, నేనే వాళ్ల తరఫున చెబుతాను. ఎండ మన వీపు మీద పడేటప్పుడు, ముందు కారు లైటు వెలగకపోయినా వెలిగినట్టే ఉంటుంది. సూర్యకాంతి గాజులోంచి లోపలికెళ్లి, అక్కడి మెరుపు గిన్నెకు తగిలి తిరిగొస్తుంది. ఫిల్మ్ ఉంటే ఆ ఎండ లోపలికి వెళ్లేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి, రెండుసార్లు ఫిల్మ్‌ను దాటాలి. బల్బు వెలుగు ఒక్కసారే దాటుతుంది. సగం కాంతిని ఆపే ఫిల్మ్ అయితే దొంగ మెరుపు నాలుగో వంతుకు తగ్గుతుంది, అసలు వెలుగు సగానికే తగ్గుతుంది. అంటే వెలిగినప్పటికీ వెలగనప్పటికీ మధ్య తేడా నిజానికి పెరుగుతుంది. ఇది తప్పుడు లెక్క కాదు. కానీ లైటుకు తనతో తనకున్న తేడా ఒక్కటే చాలదు. చుట్టూ ఉన్న ఆకాశం, రోడ్డు, కారు బాడీ ఫిల్మ్ వెనక లేవు, వాటి వెలుగు తగ్గదు. వాటి పక్కన అసలు వెలుగు సగమైపోయింది. ఇక రెండుసార్లు దాటడమనే ఈ లెక్కే రాత్రికి ఎదురుతిరుగుతుంది. చాలా కార్ల వెనక లైట్లలోనే, లేదా వాటి పక్కనే, రిఫ్లెక్టరు ఉంటుంది. మనవాళ్లు రేడియం అంటారు, అందులో రేడియం లేకపోయినా. దానికి బల్బు లేదు, వైరు లేదు. వెనక బండి హెడ్‌లైటు వెలుగును తీసుకుని దానికే తిప్పి పంపుతుంది. ఫిల్మ్ కింద ఆ వెలుగు రెండుసార్లు నలుగుతుంది. సగం ఆపే ఫిల్మ్ అయితే 25 శాతం, మూడింట రెండొంతులు ఆపే ఫిల్మ్ అయితే 11 శాతం మిగులుతుంది, 20 శాతమే పోనిచ్చే ముదురు ఫిల్మ్ అయితే 4 శాతం. రిఫ్లెక్టరు అవసరమయ్యేది ఎప్పుడంటే, బ్యాటరీ చచ్చి, హజార్డ్ లైట్లు కూడా వెలగక, కారు హైవే పక్కన చీకట్లో నిలిచిపోయినప్పుడు. ఆ రాత్రి ఆ కారుకు మిగిలిన ఏకైక గొంతు అదే. నూటికి నాలుగు పాళ్లతో అది ఏం పలుకుతుంది?

‘నాది ఎల్ఈడీ, చాలా బ్రైట్, కాస్త తగ్గినా నష్టం లేదు’ అనే వాదం ఇంకా వినిపిస్తుంది. కొన్ని కార్ల బ్రేకు లైట్లకు కనీస స్థాయికి మించి వెలుగు ఉండే మాట నిజమే. అయితే ఆ మిగులు ఎంతో కొలవడానికి చీకటి గది, సరైన దూరం, నిర్దిష్టమైన కోణాలు కావాలి. పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థల్లో జరిగే పని అది. కిటికీ అద్దానికయితే రెండు వైపులా పెట్టే చిన్న మీటరుంది, వెనక లైటు లోపలి వైపు ఏ మీటరూ పెట్టలేం. షాపులో జరిగేది కంటితో చూసి ‘లైట్ షేడ్’, ‘డార్క్ షేడ్’ అనడమే, అదీ ట్యూబులైటు కింద, పది అడుగుల దూరం నుంచి. పైగా బ్రేకు లైటుకు మిగులున్నా రిఫ్లెక్టరుకు ఉండాలని లేదు. ఇక పలచటి స్మోక్, మంచి లైటు, జాగ్రత్తగా నడిపే మనిషి ఉంటే వెంటనే ఎవరి ప్రాణమూ పోదన్నది ఒప్పుకుంటాను. కానీ ఫిల్మ్ అంటించిన రోజున ఎలా ఉందో అలా ఉండదు. ఎండకు రంగు మారుతుంది, వానాకాలం ఎర్రమట్టి పడుతుంది, దుమ్ము అంచుల్లో పేరుకుంటుంది. కొలతే లేని చోట కొంచెం అనే మాటకు హద్దు ఎక్కడ గీస్తాం? ఎల్ఈడీ విషయంలో ఇంకొక సంగతి. పాత బల్బు తీగె వేడెక్కి పూర్తిగా వెలగడానికి సెకనులో అయిదో వంతు దాకా పడుతుంది, ఎల్ఈడీ తక్షణం వెలుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా వెనకవాడికి నాలుగు మీటర్లకు పైగా లాభం. డబ్బు పెట్టి కొనుక్కున్న ఆ లాభాన్ని మళ్లీ డబ్బిచ్చి ఫిల్మ్ కింద పూడ్చుకోవడం విచిత్రంగా లేదూ?

కంపెనీలే నల్లటి వెనక లైట్లతో కార్లు అమ్ముతున్నాయి కదా అంటే, అమ్ముతున్నాయి. కానీ అక్కడ నలుపు ఉన్నది చాలా వరకు లైటు లోపల, వెలుగు దారికి పక్కన. లోపలి అంచులు, చుట్టూ ఉన్న ఫ్రేము నల్లగా పెడతారు, దాంతో ఆరిపోయినప్పుడు మొత్తం ముదురుగా కనిపిస్తుంది. పైగాజుకే రంగు వేస్తే దానికి తగ్గట్టు వెలుగును, అద్దాల అమరికను పెంచుతారు. ఆపైన ఆ నల్లటి లైటునే పరీక్షకు పెట్టి ఆమోదం తెచ్చుకుంటారు. ఫిల్మ్ వేసిన లైటు ఆ పరీక్షకు ఎప్పుడూ వెళ్లలేదు. ‘లారీలకు, ట్రాక్టర్ ట్రాలీలకు అసలు లైట్లే లేవు, నా ఫిల్మ్ మీద పడతారేం’ అన్న కోపంలో మాత్రం న్యాయముంది. చెరుకు ట్రాలీ చీకట్లో లైటు లేకుండా హైవే ఎక్కడం ఫిల్మ్ కన్నా ఎన్నో రెట్లు పెద్ద ప్రమాదం, దాన్ని ఆపాల్సినవాళ్లు ఆపడం లేదు. ఆ నిర్లక్ష్యాన్ని తిట్టే హక్కు మనకు ఉండాలంటే మాత్రం మన లైట్లు వెలుగుతూ ఉండాలి.

అసలు మన వెనక వచ్చేది ఎవరు? 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. ఆ ఏడాది మొత్తం ప్రమాదాల్లో 21.4 శాతం వెనక నుంచి గుద్దినవి, ఐదింట ఒకటికి పైనే. కారు వెనక మోటారు సైకిల్ వస్తోందనుకోండి. కారు ఉన్నట్టుండి ఆగితే కారులో ఉన్నవాడికి బంపరు, సీటు, హెడ్‌రెస్టు ఉన్నాయి. వెనకవాడికి హ్యాండిల్ ఒక్కటే ఉంది. సడన్ బ్రేకు వేస్తే బండి జారుతుంది, వేయకపోతే డిక్కీ మీద పడతాడు. ఫిల్మ్ అంటించుకున్నవాడికి అందం దక్కుతుంది, దాని ఖర్చు మటుకు పేరు కూడా తెలియని వెనకవాడి ఖాతాలో పడుతుంది. సీటు బెల్టు పెట్టుకోనివాడు తన ప్రాణంతోనే ఆడుకుంటున్నాడని వాదించవచ్చు. వెనక లైటు విషయంలో ఆ వాదన కూడా కుదరదు. ‘నా కారు, నా ఇష్టం’ అన్న మాట సీటు కవరుకు చెల్లుతుంది, మ్యూజిక్ సిస్టమ్‌కు చాలావరకు చెల్లుతుంది. లైటు వెలుగు కారు దాటి బయటికి వెళ్లాక, అది ఇంకొకరి కంటికి రాసిన ఉత్తరం.

చట్టం సంగతి ఇక క్లుప్తంగా. 2012 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కారు అద్దాల మీద నల్ల ఫిల్ములు వద్దన్నప్పటి నుంచి ఫిల్మ్ అంటే అద్దాల గొడవే అనుకుంటున్నారు. ఆ తీర్పు వెనక భద్రత, నేరాల నివారణ అనే కారణాలున్నాయి. వెనక లైట్లకు ఆ తీర్పుతో పని లేదు, 155 మీటర్ల నిబంధన ముందు నుంచే ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. అంటించిన షాపువాడు ఆ పాటికి ఇంకో కారు మీద ఉంటాడు. జర్మనీలో అయితే లైటుకు రంగు వేస్తే దాని ఆమోదం పోవడంతో పాటు కారుకు రోడ్డెక్కే అనుమతే రద్దవుతుంది. మన పిల్లలు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో తోక లైటు వెయ్యి అడుగుల నుంచి, అంటే 300 మీటర్లకు పైగా దూరం నుంచి స్పష్టంగా కనిపించాలి. అక్కడ కారు కొనుక్కుని డాలస్ హైవే ఎక్కే కుర్రవాళ్లకు ఈ అంకె చెప్పి పంపడం మంచిది.

అలాగని కారు ముస్తాబు మానేయమని కాదు. ఎర్ర ముద్దలా కనిపించడమే బాధయితే, అదే మోడల్‌కు కంపెనీ తయారుచేసి ఆమోదం పొందిన ముదురు ఫ్రేము లైట్లు దొరుకుతాయేమో అడగవచ్చు. ఖరీదు ఎక్కువే, ఫిల్మ్ చవక. ఆ ఖర్చు భరించలేకపోతే లైటు చుట్టూ ఉన్న క్రోము పట్టీని నల్లగా మార్చుకోవచ్చు, మోడల్ పేరు అక్షరాలను, అలాయ్ వీల్స్‌ను, పైకప్పును దిద్దుకోవచ్చు. బాడీ రంగు మొత్తం మారిస్తే ఆర్‌సీలో రాయించాలని మర్చిపోవద్దు. వెలుగు బయటికొచ్చే గాజు తప్ప మిగతా కారంతా అలంకారానికి మిగిలే ఉంది. ఇప్పటికే ఫిల్మ్ ఉన్నవాళ్లకు తీయించడం పెద్ద పని కాదు, హీట్ గన్‌తో వేడిచేస్తే పొరగా ఊడి వస్తుంది, జిగురు తుడవాలి. స్ప్రే అయితే రుద్ది, పాలిష్ పట్టాలి, కొన్నిసార్లు లైటే మార్చాల్సి వస్తుంది.

తీయించాలా వద్దా అని తేల్చుకోలేనివారు చేయగలిగిన పరీక్ష ఒకటుంది, దానికి మీటరు అక్కర్లేదు. ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు పక్కన కారు ఆపి, ఇంట్లోవాళ్లలో ఒకరిని స్టీరింగు ముందు కూర్చోబెట్టండి. తమకు తోచినప్పుడల్లా, మీకు చెప్పకుండా బ్రేకు తొక్కమనండి, ఎన్నిసార్లు తొక్కారో వాళ్లను లెక్క పెట్టుకోమనండి. మీరు వెనక్కి 200 అంగలు నడిచి నిలబడండి, అటూ ఇటూగా 155 మీటర్లు అవుతుంది. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి, సందె చీకట్లో ఒకసారి చేయండి. మీరు లెక్కపెట్టిన అంకె, కారులోవాళ్లు చెప్పిన అంకె పక్కపక్కన పెట్టి చూసుకోండి.